అడగకూడని మాట

మానవశాస్త్రం ఎం.ఏ.లో మా మాస్టారు మొదటిరోజే ఒక మంత్రం ఉపదేశించారు. "ఫీల్డుకి వెళ్లాక అడగాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లు కిరాణా కొట్టు పెట్టుకోండి." క్లాసంతా నవ్వింది. బొబ్బిలిలో మాకున్నది కిరాణా కొట్టే కాబట్టి నేను కాస్త ఆలస్యంగా నవ్వాను.

అలా ప్రశ్నలు మూటగట్టుకుని, శ్రీకూర్మం దాటాక వచ్చే ఒక మత్స్యకారుల ఊళ్లో దిగాను. చేపలమ్మే ఒక అక్క తన ఇంట్లో చోటిచ్చింది. ఆ ఇంట్లో ఆమె, ఆమె అత్త, వేటకెళ్లే భర్త. పుట్టి బుద్ధెరిగి నేను చేపను ముట్టుకున్నదాన్ని కాను. అక్క నా కోసం విడిగా పప్పు వండేది. "మా ఇంట్లో పప్పు కోసం కూకున్నదాన్ని నిన్నే సూసేను సెల్లీ" అని నవ్వేది. వలకి పసుపెందుకు, తెప్పకి కొబ్బరికాయ ఎప్పుడు, గంగమ్మకి ఏం మొక్కుకుంటారు, ఏదడిగినా విసుక్కోకుండా చెప్పేది.

ఆశ్వయుజంలో ఒకరోజు తెల్లారకముందే ఇంజన్లు బిగించిన తెప్పలు వేటకి వెళ్లాయి. పొద్దెక్కేసరికి తూర్పుగాలి లేచింది. నీళ్లు బురదరంగుకి తిరిగాయి. తెప్పలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఒడ్డున పడ్డాయి. అక్క భర్త వెళ్లిన తెప్ప మాత్రం రాలేదు.

ముందురోజు సాయంత్రమే ఆ బావ నాకు వల ముడి నేర్పాడు. నా ముడి ఊడిపోతుంటే పడీపడీ నవ్వాడు. నేను ఇంటికి పరుగెత్తి, "అక్కా, బావ ఎప్పుడు..." అన్నాను. మాట పూర్తికాకుండానే ఆమె అరచెయ్యి నా నోటిమీద పడింది.

"అడక్కు," అంది ముసలమ్మ గుమ్మంలోంచి. "తెప్ప రానపుడు ఆ ఇంట్లో ఎవులూ అడగరు. అడిగితే గంగమ్మ జవాబు సెప్పేస్తాది."

నమ్మకం నిజమా అబద్ధమా అని తేల్చడం మన పని కాదు, వాళ్లేం చేస్తారో చూడండి అని మాకు పాఠం. సరే, చూశాను. అక్క ఎప్పటిలాగే భర్తకి పళ్లెంలో కూడు పెట్టి మూత వేసింది. చినుకులు మొదలైతే ముసలమ్మ ఆరబోసిన ఎండుచేపలు ఎత్తసాగింది. నేనూ వంగి రెండు చేతులా ఎత్తాను. చేపలు ముట్టుకుంటున్నానన్న ధ్యాసే లేదు. భయం, ఒట్టి భయం.

అప్పుడు ఫోను మోగింది. మా అమ్మ. ఆవిడ కొట్లోంచి పిలిస్తే వీధి చివర రిక్షా ఆగుతుంది.

"టీవీలో సూపిస్తన్నారే! అక్కడ సముద్రం మీదకెల్లినోళ్లు వచ్చీ..."

టక్కున కట్ చేసి, ఫోను పూర్తిగా ఆపేశాను. అక్కడ అమ్మ గుండె గుభేలుమంటుందని తెలుసు. అయినా ఆ మాట ఆ ఇంట్లో పూర్తికాకూడదు. అంతటితో భయం తీరక, ఆగిపోయిన ఫోనునే తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఎం.ఏ. చదువుతున్నదాన్ని!

మనసులో అనుకున్నా అడిగినట్టేనా? అదైనా ముసలమ్మని కనుక్కుందామంటే, అదీ అడగడమే. గాలి పెరుగుతోంది. అక్క పొయ్యి ముందు కూర్చుని, కాగిన నీళ్లనే మళ్లీ కాస్తోంది. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఏడుపొస్తే పళ్ల బిగువున ఆపుకున్నాను.

పొద్దువాలుతుండగా, ఇంటిముందు నిలబడి అందరం సముద్రం వైపు చూస్తుంటే, వెనక సరుగుడు తోటలోంచి వచ్చారు ఆ తెప్పవాళ్లు. ఇంజను ఆగిపోయి, గాలికి కొట్టుకుపోయి, ఏదో ఊరి ఒడ్డున పడ్డారట. అక్కణ్ణించి నడిచొచ్చారు. బావ గడగడ వణుకుతున్నాడు. అక్క ఏడుస్తుందనుకున్నాను, కాళ్లమీద పడుతుందనుకున్నాను. ఎక్కడున్నావనైనా అడగలేదు.

"కూడు సల్లారిపోనాది. రా," అంది. పళ్లెం మీద మూత తీస్తుంటే రెండుసార్లు జారింది.

బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి అమ్మకి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. తిడుతుందని చెవికి దూరంగా పెట్టుకున్నాను. ఎందుకు కట్ చేశావంటుంది, ఏమైపోయావంటుంది, ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.

"తిన్నావేటే?" అంది, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

అంతసేపు ఆపుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది. తిన్నానమ్మా అన్నాను. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.