అక్క మడమ కోసం నాగాయలంక దాకా ఒక పీట

నాగాయలంకలో ఉండే మా అక్కకి షుగరు. రొయ్యల షెడ్డులో రోజంతా నిలబడి పనిచేస్తుంది. మడమకి పుండు పడి నెల దాటినా మానలేదు. కూర్చున్నప్పుడల్లా కాళ్ళు ఎత్తుగా పెట్టుకోకపోతే మడమ దక్కదని డాక్టరు చెప్పాడట. ఫోనులో ఆ మాట విన్న మర్నాడే నేను గుడివాడలో ఏడింటి బస్సెక్కి, ఎనిమిదింపావుకి బందరులో దిగాను.

బస్టాండుకి దగ్గరలోనే ఒక వడ్రంగి కొట్టు ఉంది. పీట కావాలన్నాను. "దేనికండీ? భోజనానికా, పూజకా?" అన్నాడు వడ్రంగి. "మా అక్కకి" అన్నాను. నేను మిగతాది చెప్పేలోపే ఆయన వేపచెక్క పీట ఒకటి తీసి, నాలుగు మూలలా పసుపు రాసి బొట్లు పెట్టేశాడు. "ఆడపడుచుకిచ్చేది బోసిగా ఇవ్వకూడదండీ" అన్నాడు. అప్పుడిక కాళ్ళకని చెప్పడానికి నోరు రాలేదు. ఆరువందలిచ్చి బయటపడ్డాను.

అవనిగడ్డలో బస్సు మారాలి. రెండు బస్సులకీ కలిపి టిక్కెట్లు వంద లోపే. పీట సీటు కింద పెట్టబోతే పక్కనున్న పెద్దావిడ, "అయ్యో, కింద పెట్టకు నాయనా, కాళ్ళు తగుల్తాయి" అంది. "ఎవరింట్లోనండీ పెళ్ళి?" అన్నాడు కండక్టరు. కాళ్ళ కోసం కొన్న పీటని కాళ్ళు తగలకుండా రెండు గంటలు ఒళ్ళో పెట్టుకున్నాను. చేసింది తప్పో ఒప్పో తేలలేదు.

అక్క పీటని కళ్ళకద్దుకుని దేవుడి పటాల ముందు పెట్టింది. సంగతి చెప్పాను.

"పుట్టింటి నించి పసుపు రాసొచ్చిన పీట మీద కాళ్ళు పెడతానంట్రా?"

"మీ తమ్ముడు తెచ్చింది మందే, మొక్కు కాదు" అన్నాడు బావ. అక్క వినలేదు. కుర్చీలో కూర్చున్నా, కట్టు కట్టిన మడమ నేల మీదే ఉంది.

పీటని కుళాయి దగ్గర సబ్బుతో కడిగాను. పసుపు పూర్తిగా పోలేదు. ఏం చెయ్యాలో తోచక అక్క ఎదురుగా కుర్చీ వేసుకుని, నా కాళ్ళే పీట మీద పెట్టాను.

"అమ్మ చూస్తే నీ కాళ్ళు విరగ్గొట్టేది" అంది అక్క. కాసేపటికి, "సరే, జరుగు" అని మడమ నా కాళ్ళ పక్కన పెట్టింది. నేను తియ్యబోతే, "నువ్వు తీస్తే నేనూ తీసేస్తా" అంది. ఐదింటి బస్సు దాకా అలాగే కూర్చున్నాను. నేను లేచేటప్పుడు బావ వచ్చి, నా చోట తన కాళ్ళు పెట్టాడు.

దేని మీద కూర్చోవచ్చో, దేనికి దణ్ణం పెట్టాలో, దేని మీద కాళ్ళు పెట్టవచ్చో మనకి ఎవరు చెప్పారో, ఎప్పుడు నేర్చుకున్నామో నాకిప్పటికీ అర్థం కాలేదు. పెద్దవాళ్ళ కోసం ఇలాంటి పీట కొనేవాళ్ళకి ఒక్క మాట: ఇద్దరి కాళ్ళు పట్టేంత వెడల్పుది తీసుకోండి.