తలుపు మూసి చెప్పిన అమెరికా చరిత్ర

నేను నా భార్య మీద అసూయపడ్డాను. స్త్రీ పురుష సమానత్వం గురించి ముప్పై ఏళ్లు సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి కాబట్టి ఈ మాట ముందే రాసేస్తున్నాను. చివరిదాకా దాచిపెడితే అది ఇంకో అబద్ధమవుతుంది. మొదటి అబద్ధం సంగతి కింద వస్తుంది.

టేకులపల్లిలో సోషల్ టీచరుగా రిటైరయ్యాక ఖమ్మంలోని ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సెంటర్ వాళ్లు నాకొక అమ్మాయిని అప్పగించారు. అమెరికాలో హైస్కూలు చదువుతోంది. తల్లి మధిర వైపు మనిషి కావడంతో ఇంట్లో తెలుగే మాట్లాడతారు. డిసెంబరు మూడో వారంలో ఆ అమ్మాయికి అమెరికా చరిత్ర ఫైనల్ పరీక్ష. అంతకుముందు పరీక్ష తప్పింది. ఇది కూడా తప్పితే ఆ సబ్జెక్టు మళ్లీ మొదటినుంచీ చదవాలి. మాకు పొద్దున ఆరున్నర అయితే వాళ్లకు ముందురోజు సాయంత్రం ఏడు. మా ఇంట్లో సిగ్నల్ వరండాలోనే బాగా వస్తుంది. అక్కడే కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని ఫోన్ వీడియోలో పాఠం చెప్పేవాణ్ణి.

నా వెనక గచ్చు మీద నా భార్య పత్తిలోంచి గింజలు తీస్తూ కూర్చునేది. ఊరి చివర ఆమెకు రెండెకరాల పత్తిచేను ఉంది. ఆ పత్తితో వత్తులు చేసి, ముక్కోటికి భద్రాచలం పోయే చుట్టుపక్కల ఆడవాళ్లకు ఇస్తుంది. ఆమె చదివింది పదో తరగతే అయినా దీపాలు పెట్టడం మూఢనమ్మకమంటూ నేను రాసిన వ్యాసాలన్నీ చదివింది. చదివి, మళ్లీ వత్తులు చేస్తుంది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న రోజు, ఒకరినొకరం 'నువ్వు' అనే పిలుచుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. ఆమె ఇవాళ్టికీ తప్పలేదు. వత్తుల సంగతి ఆ ఒప్పందంలో లేదు గదా అంటుంది.

ఒకరోజు అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. పత్తిగింజలు తీసే మిషన్ వచ్చాక పని తగ్గింది కదా, మరి బానిసలు తగ్గకుండా ఎందుకు పెరిగారు అని. నేను పెట్టుబడి, లాభం, మార్కెట్ అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడాను. సభలో అయితే చప్పట్లు పడేవి. ఇక్కడ అమ్మాయి పెన్ను కదల్లేదు.

నా భార్య పత్తికాయ ఒకటి పట్టుకుని లేచొచ్చి, ఫోన్ ముందు గోటితో గింజ లాగి చూపించింది.

"ఒక్క గింజకే గింతసేపు పట్టె. ఇది మిషిన్ తీస్తుందంటే ఎవరన్న ఊకుంటరా బిడ్డా? ఉన్న భూమంత పత్తే ఏస్తరు. ఏసినదంత ఎవరు ఏరాలె? మిషిన్ ఏరదు గదా."

పెన్ను కదిలింది. రెండు నెలలుగా ఆ పిల్లకు నేను సార్‌నే. ఆమె మాత్రం ఆ పూటే అమ్మమ్మ అయిపోయింది.

మర్నాటి నుంచి పాఠానికి ముందు అదే మాట, అమ్మమ్మ ఉన్నారా అని. మూడో రోజు నా భార్య తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. స్టీలు గిన్నెలో గింజలు పడే చప్పుడుకు పాఠం సాగడం లేదని చెప్పి, లోపలి గదిలోకి మారి తలుపు వేసుకున్నాను. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం, నా మాట ముక్కలు ముక్కలుగా పోయేది. మర్నాడు ఆమె గిన్నె తీసేసి తువ్వాల పరుచుకుంది. అయినా నేను తలుపు తీయలేదు.

పరీక్షకు ముందు ఆఖరి పాఠం. విడుదలైన బానిసలు మళ్లీ అవే చేలల్లోకి ఎందుకు పోయారన్నది అమ్మాయికి అర్థం కావడం లేదు. రెండు రోజులుగా చెబుతూనే ఉన్నాను.

"అమ్మమ్మగారిని ఒక్కసారి పిలవండి సార్."

"లేదమ్మా, చేనుకు పోయింది."

ఆ మాట పూర్తవుతుండగానే తలుపు అవతల నా భార్య కోడిని అదిలించిన గొంతు స్పష్టంగా వినిపించింది. అమ్మాయి తల దించుకుని పుస్తకంలో పేజీ తిప్పింది. ఎదుటివాడి అబద్ధాన్ని వేదిక మీద పట్టుకుని నిలదీయడమే పనిగా బతికినవాణ్ణి నేను. నా అబద్ధాన్ని పదహారేళ్ల పిల్ల విననట్టు వదిలేసింది.

లేచి తలుపు తీశాను. నిన్ను అడుగుతోంది అన్నాను.

"చేనుకు పోయిన గదా," అంది, నాకొక్కడికే వినపడేట్టు. చేతులు తుడుచుకుని ఫోన్ ముందు కూర్చుని, "ఇప్పుడే వచ్చిన బిడ్డా, చేనుకాడికెల్లి," అంది.

నా అబద్ధాన్ని తన అబద్ధంతో కప్పేసింది. అమ్మాయి సందేహం విని, తనే తిరిగి ఆ పిల్లను ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. వాళ్లను ఇడిసిపెట్టినప్పుడు భూమి ఇచ్చిండ్రా? లేదంది అమ్మాయి. ఎడ్లు? లేదు. ఇత్తనాలు? లేదు.

"మరి ఏం పట్టుకపోయిండ్రు?"

"చేతులు."

"ఆ చేతులకు ఏం పని వచ్చు?"

అమ్మాయి రాసుకోవడం మొదలుపెట్టింది.

వాదం నేర్పిన నా గురువు పద్ధతి అదే. జవాబు నువ్వు చెప్పకు, ఎదుటివాడి చేతే చెప్పించు అనేవాడు. ఊరూరా తిరిగి ఆ పద్ధతితో వాదించిన నేను, నా ఎదుట కూర్చున్న పిల్లకు ఒక్కనాడూ ఒక్క ప్రశ్నా వేయలేదు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఆమె వేసింది. అప్పుడైనా అసూయ పోయిందని రాస్తే బాగుండేది. పోలేదు, ఇంకా పెరిగింది.

ముక్కోటికి ముందు మెసేజ్ వచ్చింది. వరండాలో వత్తులు చుడుతున్న నా భార్యకు చదివి వినిపించాను. 'పాసయ్యాను సార్, చాలా థాంక్స్. పత్తి ప్రశ్న వచ్చింది. అమ్మమ్మగారు చెప్పినట్టే రాశాను.' ఆఖరి వాక్యం దగ్గర నా గొంతు దానంతటదే తగ్గింది.

"ఆఖరిది ఇనపడలే. ఇంకోపాలి సదువు," అంది, తలెత్తకుండానే.

మళ్లీ చదివాను, వత్తుల కోసం వచ్చి గేటు దగ్గర నిలబడ్డ పొరుగామెకు కూడా వినపడేంత గట్టిగా.