నెత్తురు ఏం చెప్పింది?

టీకా కోసం ఎవరు చొక్కా చెయ్యి మడిచినా నాకు ధర్మవరం నేత పెద్దాయనే కళ్లముందుకొస్తాడు. మా కొత్త టీకా పరీక్షకు మనుషుల్ని అడగడానికి వెళ్లిన రోజు, నేను నోరు తెరవకముందే ఆయన చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు.

“ఏమప్పా, నా నెత్తురు ఏం చెప్పింది?” అన్నాడు.

ఏళ్ల కిందట వేరే కంపెనీవాళ్లు ఒక టీకాను పరీక్షించారట. ఆయనకు సూది వేసి, మళ్లీ మళ్లీ వచ్చి నెత్తురు తీసుకున్నారు. ఉన్నట్టుండి రావడం మానేశారు.

“చీర చెడిపోతే షావుకారి మమ్మల్ని పిలిచి, పరిచి, ఈడ చెడిందని చూపిస్తాడు. వీళ్లు చెడిందని గూడా చెప్పకపోయిరి,” అన్నాడు, మోచేతి మడతలో వేలితో రాసుకుంటూ.

పాత టీకాల నుంచి నేర్చుకున్న సంగతులు మా కాగితాల్లో చాలానే ఉన్నాయి. ఈ ప్రశ్న మాత్రం లేదు. కనుక్కుని చెబుతానన్నాను. పెనుకొండ ఆసుపత్రిలో అడిగితే హిందూపురం పొమ్మన్నారు. అప్పట్లో ఆ పరీక్షలో పనిచేసిన డాక్టరు అక్కడ దొరికాడు. ఆ టీకా ఎవరిలోనూ పనిచేయలేదట, అందుకే ఆపేశారట.

ఆ మాట పట్టుకుని ధర్మవరం వెళ్లేసరికి పెద్దాయన లేడు. మగ్గం మీద ఆయన భార్య ఉంది. విషయం చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“ఎవరికీ పనిచేయలేదా?” అని మళ్లీ అడిగింది. “పోయేదాకా ఆ చెయ్యే చూసుకుంటా ఉండెనప్పా. నా నెత్తురే మంచిది కాదు, అందుకే వాళ్లు మళ్లా రాలేదు అనుకుంటానే పాయె.”