మూడు దినాల సొన్నప్ప

తడిసిన కరెంటు వస్తువుకు మూడు రోజులు గడువు ఇవ్వకుండా మా సొన్నప్పగారు జీవితంలో స్విచ్ వేసి ఎరుగరు. వస్తువు నీళ్ళలో మునిగిందా, దానిమీద నాలుగు చుక్కలు పడ్డాయా, పక్కన ఎవరైనా గట్టిగా తుమ్మారా అన్న తేడా ఆయనకు లేదు. తీర్పు ఒక్కటే.

"మూడు దినాలు ఆరాల."

బెంగళూరు బొమ్మనహళ్ళిలో మేము అద్దెకుండే మూడంతస్తుల ఇంట్లో కింది వాటా ఆయనది. ముప్పై ఏళ్ళు మోటార్లకు వైండింగు చుట్టి చుట్టి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. ఎడమ చేతి చిటికెన వేలు వంకర. ఎలా అయిందని అడిగితే, "ఒగ దినం ఆరితే చాల్లే అనుకునే వయసులో ఒగ మోటారు పాఠం చెప్పిందప్పా" అంటారు. ఆ పాఠాన్ని ఆయన ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో మా మేడ మీది బట్టల తీగ చూస్తే తెలుస్తుంది. బనియన్లకూ లుంగీలకూ మధ్య విప్పిన మిక్సీ మోటారు, రెండు రిమోట్లు, ఒక కాలింగ్ బెల్లు క్లిప్పులకు వేలాడుతుంటాయి. ప్రతిదానికీ తారీకు రాసిన చీటీ కట్టి ఉంటుంది.

రెండో అంతస్తు దీపక్ ఫోను ఒకసారి బకెట్లో పడింది. సొన్నప్పగారు దాన్ని ఊడబెరికి తమ బీరువాలో పెట్టి తాళం వేశారు.

"అంకుల్, ప్లీజ్! మా మేనేజరు కాల్ చేస్తాడు!"

"మీ మేనేజరును కూడా మూడు దినాలు ఆరనీప్పా."

దీపక్ మూడు రోజులు గడ్డం కూడా గీసుకోకుండా బీరువా చుట్టూ తిరిగాడు. నాలుగో రోజు ఫోను పనిచేసింది. మేనేజరు మాత్రం ఈ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా కాల్ చేయలేదని తెలిసింది.

ఈ గడువు కరెంటు వస్తువులతో ఆగితే బాగుండేది. పంపు నీళ్ళ దగ్గర ఎవరైనా పోట్లాడుకుని పంచాయతీకి వస్తే, "ఇద్దరూ తడిసి ఉండారు, మూడు దినాలయినాంక రాండి" అని పంపేస్తారు. మూడు రోజులకు పోట్లాట దేనికో ఇద్దరికీ గుర్తుండదు. ఆయన భార్య కదిరమ్మగారైతే తన పెళ్ళి సంగతే చెబుతారు.

"ఆయప్ప నన్ను చూసేకి వానలో తడుసుకుంటా వచ్చినాడు. పిల్ల నచ్చిందా అంటే, మూడు దినాలయినాంక చెప్తానన్నాడు. మా నాయనకు మూడు దినాలు కూడు ఎక్కలే. తడిసింది ఆయప్ప, ఆరింది మేము!"

ఇంత జాగ్రత్త గల మనిషి ఇంట్లో, ముందుగదిలో పెద్ద చేపల తొట్టి ఉంది. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. చిత్రమేమిటంటే చాలాసార్లు ఆ తొట్టికి గాలి పంపు ఉండదు. అలాంటప్పుడు సొన్నప్పగారు పక్కన నిలబడి చెంబుతో తొట్టిలోని నీళ్ళే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోనే పోస్తుంటారు. ముంచడం, పోయడం. బిల్డింగంతా దాన్ని అభిషేకం అనేది.

"ఏంటి అంకుల్ ఇది?" అని ఒకసారి అడిగాను.

"భుజం పట్టేసింది హరీ. డాక్టరు ఎక్సర్‌సైజు చెప్పినాడు."

ఊళ్ళో ఇన్ని లోపాలు సరిచేసే మనిషి సొంత తొట్టికి ఒక పంపు పెట్టుకోడేమని నేనూ దీపక్ చాలాసార్లు నవ్వుకున్నాం. ఆ నవ్వుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మా ఇంట్లో కూడా ఒక తొట్టి ఉంది. అందులో ఒకే ఒక గోల్డ్‌ఫిష్, పేరు బంగారి. నా భార్య భారతి పెళ్ళయి వచ్చేటప్పుడు కర్నూలు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న చేప. పుట్టింటివాళ్ళు ఇచ్చిన వస్తువుల్లో తను రోజూ పలకరించేది అదొక్కదాన్నే. అరచేయంత పెరిగింది. దాని గాలి పంపు గుర్రుమంటూ నా ఆఫీసు మీటింగులకు అడ్డొస్తోందని, నేనొక ఆదివారం దాన్ని తొట్టి కింద అలమారలో, ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన పెట్టి తలుపు మూశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఆ గురువారం సాయంత్రం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు ముగించుకుని ఇద్దరం ఇల్లు చేరాం. బిల్డింగంతా లైట్లున్నాయి, మా వాటా ఒక్కటే చీకటి. హాల్లో కాలు పెడితే చల్లగా తగిలింది. ఫోను లైటు వేసి చూస్తే తొట్టిలో నీళ్ళు సగమే ఉన్నాయి. మిగతా సగం అలమారలోనూ నేల మీదా ఉంది. బంగారి పైకి వచ్చి నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

నేను అలమార తలుపు లాగబోయాను. భారతి నా చొక్కా పట్టుకుని గుమ్మం అవతలికి లాగి, కిందికి కేక వేసింది. సొన్నప్పగారు రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కి వచ్చారు.

"హరీ, చేతులు జేబులో పెట్టుకో."

"ఎందుకు అంకుల్?"

"అవి జేబులో ఉంటే నువ్వు నూరేండ్లు బతుకుతావు."

పెట్టుకున్నాను. ఆయన బయటి బోర్డులో మా వాటా మెయిన్ పూర్తిగా దించారు. ఆ తర్వాతే లోపలికి వచ్చి, బోర్డు ప్లగ్గు గోడ నుంచి పీకి, అలమార తెరిచారు. పంపును ఎత్తి వంచితే లోపలినుంచి నీళ్ళు కారాయి.

"పంపును కింద పెట్టిన బుద్ధిమంతుడు ఎవరు?"

జేబులో చేతులతో నేను తల దించుకున్నాను.

"పొద్దున కరెంటు పోయింది గదా. గాలి నిలిచిపోతే తొట్టి నీళ్ళు ఆ గొట్టంలోనే ఎనక్కి దిగతాయి. పంపు నిండె, బోర్డు మీదికి కారె. కరెంటు వచ్చేసరికి ట్రిప్పయింది, మీ అదృష్టం. పంపు నీళ్ళకంటే పైన ఉండాల. లేదంటే గొట్టంలో ఎదురు నీళ్ళు రానీని వాల్వు ఒగటి పెట్టాల. వైరు కూడా ప్లగ్గుకంటే కిందికి వేలాడాల, చుక్క నేలకు రాలిపోతాది."

"హెయిర్ డ్రయ్యరుతో ఆరబెడితే అంకుల్?"

"అది నీ ఎంట్రుకలకప్పా."

ఎక్స్‌టెన్షన్ బోర్డును చేతిలోకి తీసుకుని ఆయన ఒక్క క్షణం చూశారు. ఆయన నోటినుంచి మూడు దినాలు వస్తుందని నేను ఎదురుచూశాను. కటింగ్ ప్లేయరు తీసి వైరును పటుక్కున కత్తిరించేశారు.

"దీనికి గడువు లేదు. లోపలి ఇత్తడికి నీళ్ళు తగిలినాయి. పైకి ఆరినట్ల కనిపిస్తాది, ఒగ దినం ఉన్నట్టుండి కాలతాది. పారేసినా ఎవరో ఒగరు ఏరుకొని వాడతారు, అందుకే కోసినా."

"మరి పంపు?" అంది భారతి.

"విప్పి ఆరబెడతా. మూడు దినాలు."

"మూడు రోజులా?" భారతి తొట్టి దగ్గరికి వెళ్ళింది. "బంగారి మూడు గంటలు కూడా ఉండేలా లేదంకుల్. ఇది పోతే నేను ఈ ఇంట్లో ఉండలేను."

చివరి మాట నన్ను చూసి అంది. నాకు నిజంగానే భయం వేసింది. సొన్నప్పగారు కిందికి దిగి, పదినిమిషాల్లో ఒక బకెట్ నిలవ నీళ్ళు, కొత్త బోర్డు, ఒక గాలి పంపు తెచ్చారు.

"సజ్జ మీద సుమ్నే, ఊరికే పడి ఉండాది. మీది ఆరేదాకా వాడుకోండి."

పంపును తొట్టికంటే ఎత్తుగా గూట్లో పెట్టి, వైరు వేలాడేలా సరిచేసి, తొట్టి నింపి, నేల తుడిపించి, అప్పుడు మెయిన్ ఎక్కించారు. బుడగలు లేచాయి. ఆయన తెచ్చినప్పుడే దాని గొట్టం తడిగా ఉంది. సజ్జ మీది వస్తువుకు దుమ్మయినా లేదు. అది నాకు తట్టాలి, తట్టలేదు. ఆ గంటలో నా బుర్ర కూడా తడిసే ఉందనుకుంటాను.

రాత్రి భోజనాల వేళకు బంగారి నోరు మూసుకుని అడుగుకు దిగి ఈదింది. భారతి కూడా నాతో మాట్లాడింది.

ఆదివారం సాయంత్రానికి సొన్నప్పగారు మా పంపు మీటరుతో పరీక్షించి, బిగించి, చిన్న వాల్వుతో సహా తెచ్చి ఇచ్చారు. అది ఎప్పటిలాగే గుర్రుమంది. ఆ చప్పుడు నాకు సన్నాయిలా వినిపించింది. అరువు పంపు తుడిచి, తిరిగిచ్చేద్దామని కిందికి దిగాను.

తలుపు తీసే ఉంది. తొట్టి దగ్గర కదిరమ్మగారు చెంబుతో అభిషేకం చేస్తున్నారు.

"ఆంటీ, మీకూ భుజం నొప్పా?"

"అట్లే చెప్పమన్నాడు ఆయప్ప" అని ఆమె చెంబు ఆపకుండా నిట్టూర్చారు. "ఏ భుజం నాయనా, ఏ డాక్టరు? మాకుండేది ఒగటే పంపు. అది మీ ఇంట్లో ఉండాది. పోయిన నెల పక్కింటి శాంతమ్మ చేపల తొట్టికి. ఉగాదికి ఓనరు మునియప్ప ఇంట్లో. ఎవరిది తడిసినా మాది ఊడబెరికి, సజ్జ మీదిదని చెప్పి ఇచ్చొస్తాడు. మాదని తెలిస్తే తీసుకోరంట. మూడు దినాలూ చేపలకు గాలి ఆడేదానికి గంటకోసారి వంతులేసుకొని నీళ్ళు ఎత్తిపోసేది. ఇంగొగటి కొనుక్కోమంటే, ఎవరో అడిగితే అదీ ఇచ్చేస్తాను గదా అంటాడు!"

లోపలి గదినుంచి సొన్నప్పగారు వచ్చారు. నా చేతిలో పంపు చూశారు, భార్య ముఖం చూశారు. దొరికిపోయినవాడిలా చిటికెన వేలు నిమురుకున్నారు.

"అప్పుడే ఎందుకు తెచ్చినావప్పా? ఇంగొగ దినం ఉంచుకో. మీది సరిగ్గా తిరగతాదో లేదో."

థాంక్స్ చెబితే ఆయన మరింత ఇబ్బంది పడతారని తెలుసు. పంపు బల్ల మీద పెట్టి, కదిరమ్మగారి చేతిలోంచి చెంబు అందుకున్నాను.

"పంపు బిగించేదాకా నేను పోస్తానంకుల్. నాకూ భుజం పట్టేసింది. డాక్టరు చెప్పాడు."

సొన్నప్పగారు నా మోచెయ్యి పట్టుకుని రెండంగుళాలు కిందికి దించారు.

"అంత ఎత్తునుంచి పోస్తే చేపలు బెదరతాయప్పా" అన్నారు. "నీ డాక్టరు ఇది చెప్పలేదా?"