లింగన్న ముడి

ఈ మాట ఇన్నేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా ముఖం ఎరగని మీకైతే చెప్పగలననిపిస్తోంది.

సౌదీలో అల్ ఖర్జ్ అవతల ఎడారిలో ఒంటెల మంద దగ్గర పనిచేసేవాళ్లం, లింగన్నా నేనూ. ఇద్దరిదీ జగిత్యాల వైపే. ఒంటికాలిపై నిలబడి, రెండో తొడ మీద గిన్నె ఆనించి పాలు పితకడం నాకు నేర్పింది ఆయనే. ఇంతలో సౌదీవాళ్లకే పనివ్వాలనే నితాకత్ చట్టం వచ్చింది, మాలాంటి పరదేశీ కూలీల మీద కట్టే లెవీలు పెరిగాయి. ఇద్దరికీ అకామా పర్మిట్ ఫీజు కట్టలేను, ఒక్కడినే ఉంచుకుంటానన్నాడు మా యజమాని కఫీల్. ఎవరినన్నది చెప్పలేదు.

పిల్ల పాలన్నీ తాగేయకుండా తల్లి పొదుగుకు గుడ్డసంచి కట్టేవాళ్లం. పొద్దున అది విప్పి, ముందు పిల్లను తాగనిచ్చి, తర్వాత పితకాలి. రాత్రి కట్టినవాడే పొద్దున విప్పాలి, ఆ శుక్రవారం విప్పాల్సింది నేను. రియాద్‌లోని బతా బజారుకు వెళ్లే బండి హారన్ కొడితే పరుగెత్తాను. మరిచిపోయానా? కాదు. దారిలో గుర్తొచ్చింది. బండి ఆపమనలేదు. లింగన్న తెల్లారకముందే మందను తోలుకుపోయాడని తెలిసి కూడా, ఆయన చూసుకుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

తిరిగొచ్చేసరికి లింగన్న ఇంకా మందతోనే ఉన్నాడు, నాలుగు రోజుల పిల్ల ఎండలో చచ్చిపడి ఉంది. కట్టేసి ఉన్న తల్లి దాన్ని మూతితో లేపుతోంది. పొదుగుకు నా ముడి అలాగే ఉంది. ముడి చూసి కట్టిన మనిషెవరో చెప్పగలడు మా కఫీల్. నా ముడి విప్పేశాను. లింగన్న వేసే రెండు మడతల ముడి వేశాను. బిగువు కూడా సరిచూశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయమేస్తుంది.

సాయంత్రం కఫీల్ వచ్చి ముడి చూశాడు, లింగన్నను చూశాడు. లింగన్న నా వైపు తిరిగాడు.

"తమ్మీ, ఇది నేను కట్టలే. పొద్దుగాల దీని దిక్కే రాలే. నీకెరుకే గదా, జెర చెప్పు."

"నాకేమెరుక లింగన్నా? నేను బతాల ఉంటి."

ఆయనకు తెలిసిపోయిందా? తెలియకుండా ఎలా ఉంటుంది, ఆ రెండు మడతల ముడి నాకు నేర్పిందీ ఆయనే కదా. వారంలో ఆయన పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఊరికి పంపేశారు. పోతూ తన పాలగిన్నె నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

చచ్చిన పిల్ల తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు పెట్టమన్నాడు కఫీల్. అది వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలు చేపేది. నేను ఆ గిన్నెలోనే పితికాను, ఆయన నేర్పినట్టే, నెలల తరబడి.

లింగన్నది మా పక్క మండలమే. నేను ఇంటికి వచ్చాక ఒక్కసారీ వెళ్లలేదు. వెళ్తానని మీకు మాటివ్వలేను. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది.

ఆ ముడి వేసింది నేనే.