ఒక్క కంటికి ఇన్ని దేశాలా!

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మా కంది చేలో ఒకసారి గుమ్మడికాయలంత వడగండ్లు పడ్డాయని మా కంబదూరు ఊరంతా చాటిన మనిషిని నేనే, నా మాటల్లో సగం కోసేసే వినండి, మిగిలిన సగమే దేవుని మహిమకు చాలు!

వేరుశనగ పీకుతుంటే దుమ్ము పడి ఎడమ కన్ను ఎర్రబడింది, ఎవరో చెప్పారని ఆకు పసరు పోయించుకున్నాను, ఆ కన్ను పోయింది. తర్వాత కుడి కంటికీ పొర కమ్మింది. కొత్తగా పుట్టిన మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమి, ముక్కు ఇది, చెవి ఇది అని తెలుసుకునేదాన్ని. “ప్రభువా, ఈ బిడ్డ మొగం ఒక్కసారి చూపియ్యి” అని ఏడ్చేదాన్ని.

అప్పుడే దేశదేశాల కంటి వైద్య సంస్థలు చేతులు కలిపి కళ్యాణదుర్గంలో ఉచితంగా ఆపరేషన్లు చేస్తున్నాయని మా పాస్టరమ్మ చెప్పింది. మా ఆయన ఒప్పుకోలేదు.

“ఉండేది ఒక్క కన్ను. అది గూడా పోతే ఏం జేస్తావే?”

“ఇన్నాళ్ళూ నీ మొగం చూడకుండా సుఖంగా ఉంటి. ఆ సుఖం పోతాదని నాకూ బయంగానే ఉండాదిలే.”

నవ్వి ఒప్పుకున్నాడు గాని, కళ్యాణదుర్గం బస్సు దిగేదాకా నా చెయ్యి వదలనేలేదు.

ఆపరేషన్ బల్ల మీద భయానికి నర్సును ఊరుకోనివ్వలేదు.

“ఈ మిషను యాడిది పాపా?”

“జర్మనీదమ్మా.”

“కోసేది?”

“మన డాక్టరమ్మే. ఆమెకు నేర్పినాయన నేపాల్ ఆయన. పక్కనుండే కెన్యా డాక్టరు ఈడ నేర్చుకుని వాళ్ళ దేశంలో చేస్తాడు. ఇంగ కదలొద్దు!”

“ఇంత చిన్న కంట్లో ఇన్ని దేశాలు పడతాయా?”

తెల్లవారి కట్టు విప్పారు. ముందు వెలుతురు, తర్వాత నా కూతురు, ఆమె చంకలో బిడ్డ! ముక్కూ చెవులూ నా వేళ్ళు చెప్పినట్టే ఉన్నాయి, గడ్డం మీద పుట్టుమచ్చ ఉందని మాత్రం అవి నాకు చెప్పనేలేదు!

మా సంఘంలో స్తుతించడమంటే మోకాళ్ళూని నుదురు నేలకు ఆనించడమే. అలవాటుగా మంచం దిగి మోకాళ్ళూనాను.

“తల వంచితే కంటికి ప్రమాదమని చెప్తిమి కదమ్మా!” అని నర్సు అరిచింది. కెన్యా డాక్టరు పరుగున వచ్చి నా తలను రెండు చేతులతో పట్టి ఆపాడు. కళ్ళు పరీక్షించేటప్పుడు అనే రెండు ముక్కలే ఆయనకొచ్చిన తెలుగు! “పైకి చూడమ్మా! పైకి చూడు!” అన్నాడు.

చూశాను. ఆయన ముఖమంతా చెమట. ఏ తల్లి బిడ్డో, నా కన్ను కోసం ఇంత భయపడ్డాడే! తలెత్తి, కళ్ళు తెరిచి, జీవితంలో మొదటిసారి అలా ప్రార్థించాను: “ప్రభువా, మిషను చేసినోళ్ళను, నేర్పినాయనను, కోసినామెను, నా తల పట్టుకున్న ఈ బిడ్డను, ఈ బిడ్డను కన్నతల్లిని చల్లగా కాపాడు, ఆమెన్.” ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా తల వదలకుండానే ఆయనా ఆమెన్ అన్నాడు.

ఎడమ కన్ను రాలేదు, రాదు. కానీ తల వంచకూడదన్న రోజులన్నీ మా ఆయన మనవరాలిని ఎత్తి నా ముఖానికి ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. దేవునికే మహిమ!

సహోదరులారా, మీ ఇంట్లో ఎవరి కంటికైనా పొర కమ్మితే పసరు పోయకండి, ప్రార్థించండి, ప్రార్థించి బస్సెక్కండి. మీరు పేరైనా వినని దేశంలో ఎవరో మీ కంటి కోసం చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నారు, నమ్మి రండి!