దవాఖాన శంకరప్ప చాటింపు

శంకరప్ప కడుపులో మాట నిలిచేది కాదు. జొన్నరొట్టె నిలుస్తుంది, దాని మీద నూరి వేసుకున్న పచ్చిమిరపకాయ కారమూ నిలుస్తుంది. వార్త మాత్రం చెవిలో పడగానే నోట్లోంచి బయటికి దూకేది. ఆ రోజుల్లో మా జహీరాబాద్‌కు సొంత మైకు లేదు. ఎలక్షన్లు వస్తే హైదరాబాద్ నుంచి కిరాయికి తెచ్చేవాళ్లు. మిగిలిన కాలమంతా శంకరప్పే మైకు. ఆయన రైలు గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటే, బొంబాయి రోడ్డు మీద పోయే లారీలు వెనక ఇంకో లారీ వస్తోందనుకుని పక్కకు జరిగేవి.

దవాఖానలో ఆయన నౌకరు కాదు. ఆయన భార్య బస్వమ్మకు కాన్పు కష్టమై తల్లీ బిడ్డా దక్కరనుకున్న రోజున, డాక్టర్ సదాశివ ఇద్దరినీ దక్కించాడు. శంకరప్ప డాక్టర్ చేతులు పట్టుకుని, "సాబ్, నా బండి మీది, నా ఎడ్లు మీవి, నా నోరు గూడ మీదే" అన్నాడు. బండీ ఎడ్లూ దవాఖానకు బాగా పనికొచ్చాయి. బస్టాండు నుంచి, రాయికోడ్ దారి నుంచి, న్యాల్‌కల్ దిక్కు నుంచి ఎంతమంది రోగులను మోసుకొచ్చాయో! నోరు మాత్రం ఎవరూ అడగలేదు. అయినా ఇచ్చాడు.

వారం వారం జరిగే అంగడి నాడు అల్లం రాశుల పక్కన బండి ఆపి, దాని మీదికెక్కి, ఒక తెల్లటి ఎనామిల్ గిన్నెను కర్రతో ధనధన వాయించేవాడు.

"ఇనుండ్రి! ఇనుండ్రి! మన దవాఖానకు ఎక్స్‌రే మిషను వచ్చింది! మనిషిని కొయ్యకుంటనే లోపటి బొక్కలన్ని చూపిస్తది! మొన్న రాయికోడ్ షావుకారి మింగిన రూపాయి బిళ్ల కనపడ్డది!"

"షావుకారి కాదు కాకా, ఆయన మనుమడు మింగిండు!"

"ఎవరు మింగితేంది! ఇంట్ల పైస ఇంట్లనే ఉన్నదా లేదా?"

అంగడి అంతా నోరు తెరుచుకుని వినేది. కూరగాయలు తూచే ఆడవాళ్లు తక్కెడ గాలిలోనే ఆపేవాళ్లు. కంపౌండర్ మదన్‌మోహన్‌కు పెళ్లి కుదిరిందన్న సంగతి మదన్‌మోహన్‌కు అలాగే తెలిసింది. వంకాయలు కొనబోతే, వంకాయలమ్మే ఎంకమ్మ, "పెండ్లికొడుకువైతివి, నీకు తూకంల మోసం చెయ్య" అన్నది. పిల్ల తరఫువాళ్లు శంకరప్ప బండిలో కూర్చుని మాట్లాడుకున్నారట, అంతే.

అదే మదన్‌మోహన్ కోపం పట్టలేక ఒకరోజు ఆ ఎనామిల్ గిన్నె గుట్టు విప్పాడు. "కాకా, నువ్వు అంగట్ల నెత్తి మీదికెత్తి వాయిస్తున్నవు చూడు, అది లేవలేని రోగి కింద పెట్టేది. పెచ్చులూడిందని పారేస్తే ఎత్తుకపోయినవ్!"

శంకరప్ప గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కడిగిన్రు గద?"

"కడిగినం."

"మరింకేంది? అప్పుడు ఒక్కరి పని చేసింది, ఇప్పుడు ఊరందరి పని చేస్తున్నది. దానికి ప్రమోషన్ వచ్చింది" అని ధన్‌మని ఒక్కటి వాయించాడు.

ఈ చాటింపులన్నీ ఒక ఎత్తు, దవాఖానలో లేని కొలువులను చాటడం ఒక ఎత్తు. ఒక అంగడికి "దవాఖాన దీపాల దరోగాగ బీరమ్మ వచ్చింది" అంటాడు. ఇంకో అంగడికి "గోడల దరోగా మహాదేవప్ప కొలువుల చేరిండు" అంటాడు. దవాఖానలో ఉన్నవి కరెంటు పోతే వెలిగించే నాలుగు కందిలి దీపాలు, చుట్టూ ఒక మొండి గోడ. జనం మాత్రం, ఒక్క గోడ మీద పెత్తనానికే దరోగా ఉన్నాడంటే ఇది ఎంత పెద్ద దవాఖానో అని ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. కొందరు డాక్టర్ సదాశివ దగ్గరికే వచ్చి, "సాబ్, గోడలది దొరకకపోతే కిటికీల దరోగా నౌకరన్న ఇప్పియ్యున్రి" అని బతిమాలేవాళ్లు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని డాక్టర్ సాబ్ ఏం చెప్పాలో తెలియక కళ్లద్దాలు తుడుచుకునేవాడు.

నర్సు భాగీరథికి ఇదంతా నచ్చేది కాదు. బీదర్ నుంచి వచ్చిన ఆమె గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఆమె మాట ఒక మంచం దగ్గర పుడితే పక్క మంచం దాకా పోయేది కాదు. 'దవాఖానకు మందులెంత అవసరమో ఈయన నోటికి తాళం అంత అవసరం' అని ఆమె గట్టి నమ్మకం. యాదమ్మ వచ్చిన రోజున ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

యాదమ్మది న్యాల్‌కల్ దిక్కు పల్లె. అల్లం చేలల్లో కూలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడు జగ్గయ్య చెయ్యి పట్టుకుని బస్టాండు నుంచి శంకరప్ప బండిలోనే వచ్చింది. డాక్టర్ చూసి క్షయ అన్నాడు. "ఫికర్ వద్దు, నెలల తరబడి సూదులు పడాలె, తప్పక నయమైతది. అందాక వెనక పాకల ఉండు" అన్నాడు. దవాఖాన వెనక బొప్పాయి చెట్ల పక్కన గాలి ఆడే పాక ఒకటి ఉండేది, ఛాతి రోగుల కోసం.

డాక్టర్ అటు పోగానే యాదమ్మ లేచి మూట కట్టింది.

"నేను పోత సిస్టరమ్మా."

"నయమైతదని చెప్పిండు గద సాబ్?"

"నయమైతది. ఎనక ఊర్ల ఎట్ల బతకాలె? బాయి కాడ చేద ముట్టనియ్యరు. ఈయనను చేన్లకు పిలవరు. రోగం నన్నొక్కదాన్నే తింటది. ఊరికి తెలిస్తే ఇంటిల్లిపాదిని తింటది."

"ఊరికి ఎవరు చెప్తరమ్మా?"

జగ్గయ్య గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. అక్కడ శంకరప్ప ఎడ్లకు నీళ్లు పెడుతూ, వినేవాళ్లు ఇంకెవరూ లేక, తహసీల్ కచేరీ వార్తలు ఆ ఎడ్లకే చెబుతున్నాడు.

భాగీరథి బయటికి వెళ్లింది. "కాకా, నీ కాళ్లు మొక్కుత. యాదమ్మ ముచ్చట బయటికి రావద్దు. వస్తే ఆమె సూదులు ఇడిసిపెట్టి పోతది. పోతే బతకది."

శంకరప్ప తల గోక్కున్నాడు. "సిస్టరమ్మా, నీకు మాటిచ్చి తప్పొద్దు. నా కడుపుల మాట ఆగదు. అంగడి నాడు చెప్పాలె."

"కాకా!"

ఆయన అప్పటికే బండెక్కాడు. లోపల యాదమ్మ మూట విప్పకుండానే కూర్చుంది. "అంగడి దాక చూస్త. నా పేరు వచ్చిందంటే మాపటి బస్సుకే పోత" అన్నది.

అంగడి నాడు జహీరాబాద్ ఎన్నడూ చూడని వింత చూసింది. తెల్లచీర కట్టుకున్న భాగీరథి సిస్టర్ బజారులో పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె అల్లం రాశుల దగ్గరికి చేరేసరికి గిన్నె మోగనే మోగింది.

"ఇనుండ్రి! న్యాల్‌కల్ దిక్కు జగ్గయ్య పెండ్లాం యాదమ్మ..."

భాగీరథి జనాన్ని తోసుకుంటూ బండి వైపు దూకింది.

"...మన దవాఖాన బొప్పాయి తోటకు మేస్త్రిగ వచ్చింది! డాక్టర్ సాబ్ దండం పెట్టి బతిమాలితే ఒప్పుకున్నది!"

జనంలో ఆ పల్లె నుంచి వచ్చిన నర్సమ్మ ఉంది. "మా యాదమ్మనా? దానికి బొప్పాయి సంగతి ఏమెరుక?"

"అల్లం పండించిన చెయ్యి! దానికి బొప్పాయి ఒక లెక్కనా?"

"ఇంటికి ఎప్పుడొస్తది మరి?"

"కాయ దిగేదాంక కదలది. తోట ఇడిసిపోతే చిలకలు ఊకుంటయా?"

"మొన్న బస్సుల ఊకె దగ్గింది గద!"

భాగీరథి కళ్లు మూసుకుంది. శంకరప్ప రెప్ప కూడా వేయలేదు.

"దగ్గదా? చిలకలను తోలే గొంతు ఉన్నదా లేదా అని డాక్టర్ సాబ్ పరీక్ష పెడ్తడాయె! దానికోసం ఇంటికాడ వారం దినాలు కేకలేసి నేర్చుకున్నది. గొంతు మనిషిదే గద, రేకుది కాదు గద!"

"అవు, పాపం" అన్నది నర్సమ్మ. ఆ వెంటనే పక్కనున్నవాళ్లందరికీ వినపడేటట్టు, "మా వాడకట్టు మనిషే! మా ఇంటి ఎనకనే!" అన్నది. జనమంతా నర్సమ్మను కొత్త కళ్లతో చూశారు.

దవాఖాన బొప్పాయి తోటలో ఉన్నవి రెండు చెట్లు. అందులో ఒకటి మగది, కాయదు.

తిరుగుదారిలో భాగీరథి బండి పక్కన నడిచింది. దవాఖాన గోడ కనిపించేసరికి ఆమెకు ఏదో తట్టి నిలబడిపోయింది.

"కాకా, దీపాల దరోగా బీరమ్మ... వెనక పాకల ఉండె గద?"

శంకరప్ప ఎద్దు మెడ మీద ఈగను తోలాడు.

"గోడల దరోగా మహాదేవప్ప గూడ పాకలనే..."

"మంచి దరోగా సిస్టరమ్మా. ఆయన ఉన్నన్నాళ్లు గోడ ఎక్కడికీ పోలె."

దీపాలవాళ్లు, గోడలవాళ్లు, బావి జమాదార్లు, ఇన్నేళ్లుగా ఆయన చాటిన ఆ దొంగ కొలువులవాళ్లంతా ఆ పాకలో సూదులు వేయించుకుని, నయమై, తల ఎత్తుకుని తమ ఊళ్లకు పోయినవాళ్లే. ఎక్స్‌రే మిషను నిజం, మదన్‌మోహన్ పెళ్లి నిజం. ఆ నిజాల గుంపులో కలిసి ఈ దరోగాలూ ఊళ్లు దాటిపోయారు. భాగీరథి ఆ మనిషిని కింది నుంచి పైదాకా చూసింది, బండి మీద కూర్చున్న కొండను చూసినట్టు.

"నాకన్న చెప్పకపోతివి కాకా."

"మనిషి కనపడకుంటె ఊరు అడుగుతది బిడ్డా. అడగక ముందే జవాబు చెప్పాలె. నేను ఊకుంటె ఊరు మాట్లాడ్తది, నేను మాట్లాడితె ఊరు ఊకుంటది. ఇందుల నీకు చెప్పేదేమున్నది?"

యాదమ్మ ఆ సాయంత్రం మూట విప్పింది.

సూదులన్నీ పడ్డాయి. దగ్గు పోయింది, బుగ్గల్లో నెత్తురు వచ్చింది. ఇంటికి పోవచ్చన్నాడు డాక్టర్, కాని నెలకోసారి వచ్చి చూపించుకోవాలన్నాడు. యాదమ్మకు మళ్లీ దిగులు పట్టుకుంది. నెలనెలా దవాఖానకు ఎందుకని ఊరు అడిగితే ఏం చెప్పాలి?

అంతలో వాళ్ల ఊరి పటేల్ రామచందర్ గుడ్డ పరిచిన బండితో వచ్చి వాకిట్లో దిగాడు. తమ ఊరి మేస్త్రిని తామే తీసుకుపోతామన్నాడు. డాక్టర్ ముందు నిలబడి, "సాబ్, మా యాదమ్మ పని ఎట్ల చేసింది?" అని సూటిగా అడిగాడు.

డాక్టర్ సాబ్ చెవులు ఎర్రబడ్డాయి. కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ తుడిచాడు. యాదమ్మ ముఖం పాలిపోయింది.

"ఆమె లేకుంటె మా తోట ఆగమైతది పటేలా!"

వరండా అంతా మోగింది. రోగులు మంచాల మీద లేచి కూర్చున్నారు. అన్నది భాగీరథి సిస్టర్. "తీస్కపోతే తీస్కపోండ్రి. కాని నెలకొకసారన్న వచ్చి చూసిపోకపోతే మేము ఒప్పుకోం!"

పటేల్ ఛాతి పొంగింది. "నెలకొకసారే గద సిస్టరమ్మా! మా ఊరి బండి కట్టి పంపిస్త. మా మేస్త్రి నడిచి వస్తే మా ఊరికి ఇజ్జత్ ఉంటదా?"

యాదమ్మ బండెక్కింది. కొంగు నోటికి అడ్డం లేదు. ఎడ్లు కదలబోతుంటే చెయ్యెత్తి ఆపి, వెనక్కి తిరిగింది.

"డాక్టర్ సాబ్! నేను మళ్ల వచ్చేదాంక చెట్లకు నీళ్లు మర్వకున్రి!"

డాక్టర్ సదాశివ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"అట్లనే మేస్త్రీ" అన్నాడు. బండి మలుపు తిరగకముందే బకెట్ ఎక్కడుందని అడిగాడు.